ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వని: ఒక శ్రవ్య నాటకం ప్రాజెక్టు డైరీ

జూన్: కథకు నేల వెతకడం

ఆరు భాగాల శ్రవ్య నాటకం తీస్తున్నాం. ఒక్కో భాగం ఇరవై నిమిషాలు. మనుషులకూ, మనుషులు కాని మరో ఉనికికీ మొదటిసారి పరిచయం కావడమే కథ. రాసేది నేను. సౌండ్ పని చూసేది కాలేజీ రోజుల నుంచి తెలిసిన స్నేహితుడు. ముఖ్య పాత్రకు గొంతు మా చెల్లెలిది. ఎగిరే పళ్లెం దిగే కథ వద్దని ముగ్గురం ముందే అనుకున్నాం. చెవితో వినే కథలో పళ్లెం దిగితే వినేవాడికి దక్కేది ఒక పెద్ద హోరు మాత్రమే. మాకు కావలసింది వినిపించే పరిచయం, ఎవరో ఉన్నారని శబ్దం ద్వారానే తెలిసే కథ.

దానికి 1960 నాటి ఒక ఆలోచన దారి చూపింది. ఆ ఏడాది ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో రేడియో టెలిస్కోపును టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడానై అనే రెండు నక్షత్రాల వైపు తిప్పి, అక్కడివాళ్ల సంకేతాలేమైనా వినపడతాయేమోనని 1420 మెగాహెర్ట్జ్ దగ్గర చెవి పెట్టాడు. ఇది చాలామందికి తెలుసు. అదే ఏడాది రేడియో ఖగోళ శాస్త్రవేత్త రోనాల్డ్ బ్రేస్‌వెల్ చెప్పింది తక్కువమందికి తెలుసు. నక్షత్రాల మధ్య కబురు పంపి జవాబు కోసం తరాల పాటు ఎదురుచూడడం ఎందుకు, అవతలి నాగరికత వాళ్లు ఒక యంత్రాన్ని మన సూర్యుడి దగ్గరికే పంపి కాపలా ఉంచవచ్చు కదా అన్నాడాయన. ఆ యంత్రం మన ప్రసారాలు వింటుంది. విన్నదాన్ని అలాగే మనకు తిప్పి పంపుతుంది. మన గొంతు మనకే కొన్ని సెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. దాన్ని మనం మళ్లీ పంపితే, మనం గమనించామని దానికి అర్థమవుతుంది.

ఇది గాలిలోంచి పుట్టిన ఊహ కూడా కాదు. 1927లో నార్వేలో యోర్గెన్ హాల్స్ అనే ఇంజినీరు, నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి వచ్చే షార్ట్‌వేవ్ ప్రసారం వింటూ, అసలు సంకేతం తర్వాత కొన్ని సెకన్లకు దాని ప్రతిధ్వని విన్నాడు. మరుసటి ఏడాది శాస్త్రవేత్త కార్ల్ స్టోర్మర్ పూనుకుని పరీక్షలు చేయిస్తే 3 నుంచి 15 సెకన్ల ఆలస్యాలు నమోదయ్యాయి. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. చంద్రుడి దాకా వెళ్లి రావడానికే రెండున్నర సెకన్లు. మరి 15 సెకన్లంటే? సహజ కారణాలతో చెప్పిన వివరణలు చాలానే ఉన్నాయి, అందరూ ఒప్పుకున్నది ఒక్కటీ లేదు. కథకు ఇంతకన్నా మంచి నేల దొరకదు.

జూన్ చివర: రాడార్ దొరికింది

మన దగ్గర ఆకాశంలోకి సంకేతం పంపి జవాబు వినే చోటు ఏది? తిరుపతి దగ్గర గాదంకిలో ఉంది. అంతరిక్ష విభాగం కింద నడిచే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోని ఎం.ఎస్.టి. (మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే మూడు గాలి పొరలను చూసే) రాడార్. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న మైదానంలో 1024 యాగీ యాంటెనాలు. పాత దూరదర్శన్ రోజుల్లో మిద్దె మీద కట్టుకున్న యాంటెనా గుర్తుందా, అదే కుటుంబం. అవన్నీ కలిసి నెత్తి మీదికి సుమారు 3 డిగ్రీల వెడల్పున్న కిరణాన్ని పంపుతాయి. గాలి పొరల కదలికలు, ఉల్కలు కాలిపోతూ విడిచే జాడలు, పైన అయనోస్ఫియర్ అనే విద్యుదావేశపు పొరలోని అలజడులు అందులో కనిపిస్తాయి.

నాటకంలో మాత్రం కల్పిత రాడార్ పెట్టాను. అదే ప్రాంతం, అదే రకం యంత్రం, పేరు వేరు. నిజమైన చోట పనిచేసేవాళ్ల నోట నేను కల్పించిన మాటలు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆపరేటర్ పేరు మునిలక్ష్మి. రాత్రి కాపలాదారు చెంగల్రాయుడు. చిత్తూరు వైపు వాళ్లకు ఈ పేర్లు వినగానే ఊరు తెలిసిపోతుంది.

జూలై: దూరం మడత పడడం

కథలోని మొదటి ముడి ఇక్కడ దొరికింది. దీని మీదే రెండు వారాలు కూర్చున్నాను.

ఇలాంటి రాడార్ సంకేతాన్ని తునకలుగా పంపుతుంది. తునకకూ తునకకూ మధ్య వెయ్యి మైక్రోసెకన్లు అనుకుందాం. ఆ వ్యవధిలో తరంగం 150 కిలోమీటర్లు వెళ్లి తిరిగి రాగలదు. ఇంకా దూరం నుంచి వచ్చే ప్రతిధ్వని ఆలస్యంగా, తర్వాతి తునక వెళ్లాక వస్తుంది. అది పాత తునకదో కొత్తదో యంత్రానికి తెలియదు. కొత్తదానిదే అనుకుని ఎత్తు లెక్కేస్తుంది. లక్షల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చిన జవాబు కూడా తెర మీద 12 కిలోమీటర్ల ఎత్తున గాలి పొరలా కనిపించవచ్చు. దూరం మడత పడిందన్నమాట.

దాన్ని పట్టుకునే ఉపాయం చాలా తేలిక. తునకల మధ్య వ్యవధిని కొద్దిగా మార్చాలి. నిజంగా 12 కిలోమీటర్ల ఎత్తున ఉన్నది అక్కడే ఉంటుంది. మడత పడి వచ్చింది మాత్రం చోటు మారుతుంది. మొదటి భాగం చివర మునిలక్ష్మి వేరే పని మీద వ్యవధి మారుస్తుంది. తెర మీద గీతలన్నీ కదలకుండా ఉంటే ఒక్కటి గెంతుతుంది. మొదటి భాగానికి అంతకు మించిన ముగింపు అక్కర్లేదు. పెద్ద సంగీతం పెట్టవద్దని స్నేహితుడికి గట్టిగా చెప్పాను.

ఇంకో లెక్క కూడా కథకు పనికొచ్చింది. చిన్న వస్తువు మీద తగిలి తిరిగొచ్చే సంకేతం బలం దూరంతో పాటు దారుణంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే బలం 16వ వంతు. లక్షల కిలోమీటర్ల అవతల ఒక రాయికి తగిలి వచ్చిన ప్రతిధ్వని ఈ యంత్రానికి వినపడే అవకాశమే లేదు. వినపడిందంటే ఎవరో దాన్ని అందుకుని, బలం పెంచి, తిరిగి పంపుతున్నట్టు. ఈ మాట రెండో భాగంలో సుబ్రహ్మణ్యం సార్ అనే మరో పాత్ర నోట వస్తుంది. ఆయన నమ్మలేక చెప్తాడు, తన లెక్కను తానే కొట్టేయాలని చూస్తూ చెప్తాడు.

జూలై చివర: అది ఎక్కడ ఉంది?

పది సెకన్ల ఆలస్యం పెట్టాను, అంటే 15 లక్షల కిలోమీటర్లు. ఆ దూరాన సూర్యుడికి ఎదురు దిక్కున రెండో లగ్రాంజ్ బిందువు ఉంది. భూమితో పాటే సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉండాలంటే అనువైన చోటు అది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తిరిగేది ఆ పరిసరాల్లోనే. మన ఆదిత్య-ఎల్1 ఉన్నది అదే దూరంలో, సూర్యుడి వైపు.

ఇలా నిర్ణయించగానే కథకు క్యాలెండర్ దానంతటదే వచ్చేసింది. సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్నది అర్ధరాత్రికి నడినెత్తి మీదికి వస్తుంది. కానీ ఏడాదంతా నెత్తి మీదికి రాదు. గాదంకి అక్షాంశం సుమారు 13.5 డిగ్రీలు. సూర్యుడు అంతే దక్షిణానికి వాలినప్పుడే ఆ బిందువు మన నెత్తి మీదుగా పోతుంది. అది ఏడాదిలో రెండుసార్లు: అక్టోబరు చివర, మళ్లీ ఫిబ్రవరి మధ్యలో. మూడు డిగ్రీల కిరణంలో ఒక్కోసారి దాదాపు తొమ్మిది రోజులు, రోజుకు పన్నెండు నిమిషాలు. అంతే. భూమి తిరిగిపోతుంది, తలుపు మూసుకుంటుంది.

అక్టోబరులో విన్నది నవంబరు మొదట్లో ఆగిపోతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు, అదేదో మన చప్పుడేలే అని. మునిలక్ష్మి ఒక్కతే కాగితం మీద ఫిబ్రవరి తేదీ రాసిస్తుంది. తేదీతో పాటు గడియారం సమయం కూడా. ఆ సమయం దగ్గరే ఈ కథ నాది అయింది. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశానికి కట్టినవి. ఆ ఊరు దానికి పడమర, కాబట్టి అక్కడ అసలు అర్ధరాత్రి సగటున పన్నెండూ పదమూడుకు వస్తుంది. భూమి కక్ష్య కాస్త అండాకారం కావడం వల్ల, దాని ఇరుసు వాలి ఉండడం వల్ల సూర్యుడి గడియారం మన గడియారంతో సరిగ్గా నడవదు. అక్టోబరు చివర పదహారు నిమిషాలు ముందు, ఫిబ్రవరి మధ్యలో పద్నాలుగు నిమిషాలు వెనుక. కాబట్టి ఆ సంకేతం నడినెత్తికి చేరేది అక్టోబరులో 11:57కు, ఫిబ్రవరిలో 12:27కు. ట్రాన్స్‌ఫార్మరైనా, ఫ్యాక్టరీ షిఫ్టయినా, కరెంటు వేళలైనా మన గడియారం ప్రకారం నడుస్తాయి. అరగంట జరిగిందంటే అది మన మనుషుల పని కాదు.

ఆగస్టు: మనల్ని మనం ఏరేయడం

రెండు, మూడు భాగాలు మొత్తం ఇదే. మొదటి పరిచయం కథల్లో నాకు ఎప్పుడూ తక్కువ అనిపించేది ఈ భాగమే. సంకేతం రాగానే శాస్త్రవేత్త గుర్తుపట్టేస్తాడు, అధ్యక్షుడికి ఫోన్ పోతుంది. నిజంగా జరిగేది వేరు. 1967లో జోస్లిన్ బెల్ 1.337 సెకన్లకోసారి కొట్టుకునే సంకేతం కనిపెట్టినప్పుడు మొదట ఏరాల్సింది భూమి మీది చప్పుళ్లనే. చివరికి అది పల్సార్ అని, అంటే గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో తరంగాలు విడిచే నక్షత్రమని తేలింది. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపులో ఏళ్ల తరబడి అంతుపట్టని మెరుపులు కనిపించాయి. 2015లో కారణం బయటపడింది: టైమర్ పూర్తికాకముందే తలుపు లాగేసిన మైక్రోవేవ్ ఓవెన్. అదే టెలిస్కోపులో 2019లో ప్రాక్సిమా సెంటారీ వైపు నుంచి వచ్చినట్టు కనిపించిన 982 మెగాహెర్ట్జ్ సంకేతం కూడా మన యంత్రాలదే అని తర్వాత తేల్చారు.

అందుకే మునిలక్ష్మి స్కూటీ వేసుకుని చేతిలో చిన్న రిసీవర్‌తో ఊళ్లు తిరుగుతుంది. అడవి పందుల కోసం కట్టిన సోలార్ కంచె సెకనుకోసారి కొట్టే దెబ్బ, త్రీఫేజ్ రాగానే ఆటో స్టార్టర్లతో ఒకేసారి లేచే మోటార్లు, దీపావళికి వేలాడదీసిన చవక సీరియల్ లైట్లు. ప్రతి చప్పుడు వెనకా ఒక ఇల్లు, ఒక మనిషి. కంచె ఆపమంటే రైతు వేరుశనగ పంట చూపిస్తాడు. ఈ రెండు భాగాల్లో పరాయి ఉనికి దాదాపు వినిపించదు. వినిపించేది మనమే. మనం ఎంత చప్పుడు చేస్తామో, ఆ చప్పుడంతా ఎవరి బతుకో వినేవాళ్లకు తెలియకపోతే, నాలుగో భాగంలో వచ్చే నిశ్శబ్దానికి విలువ ఉండదని నా గట్టి నమ్మకం.

రెండో భాగంలోంచి కొంచెం:

చెంగల్రాయుడు: ఏం పాపా, ఇంగా ఇంటికి పోలేదా?

మునిలక్ష్మి: ఇదొక్కటి చూసి పోతా చిన్నాయనా. నిన్న కూడా ఇదే టైముకే వచ్చింది.

చెంగల్రాయుడు: ఈ టైముకు కింద ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటాది. దాన్ని చూసినావా?

మునిలక్ష్మి: పొద్దున లైన్‌మన్‌ను అడగల్ల.

చెంగల్రాయుడు: వాడు పొద్దున యాడ దొరుకుతాడు? పద, ఇప్పుడే పోయి చూస్తాం. టార్చి నాకాడ ఉంది.

ఆ ఊరి మాట అచ్చంగా రావాలని చెంగల్రాయుడి పాత్రకు ఆ వైపు మనిషినే వెతుకుతున్నాం. కోస్తా గొంతుతో ఆ యాస అనుకరిస్తే నేను ఒప్పుకోను.

సెప్టెంబరు: జంట కోడ్‌ను చెవికి వినిపించడం

ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

పరిచయం ఎలా రుజువవుతుంది? మనది మనకే తిరిగొస్తే అది అద్దం కావచ్చు. అవతల ఆలోచించే ఒకరు ఉన్నారని తెలియాలంటే, మనం పంపనిది ఒకటి రావాలి, అది మనకు అర్థం కావాలి. భాష లేకుండా ఇది సాధ్యమా? రాడార్ వాళ్లు వాడే జంట కోడ్‌లలో నాకు జవాబు దొరికింది. మార్సెల్ గోలే 1961లో ఈ జంటల మీద వ్యాసం ప్రచురించాడు. ఒక తునకలోనే తరంగాన్ని కొన్ని చోట్ల తిరగేసి, ప్లస్సులు మైనస్సులుగా పంపుతారు. ప్రతిధ్వని వచ్చాక దాన్ని అదే కోడ్‌తో పోల్చి చూస్తే మధ్యలో పెద్ద శిఖరం, అటూ ఇటూ చిన్న దొంగ శిఖరాలు వస్తాయి. వెంటనే జంటలోని రెండో కోడ్ పంపితే దాని దొంగ శిఖరాలు సరిగ్గా తలకిందులుగా ఉంటాయి. రెండూ కలిపితే దొంగవన్నీ చెరిగిపోయి నిజమైన శిఖరం ఒక్కటే మిగులుతుంది.

నాలుగో భాగంలో, ఫిబ్రవరి రాత్రి, మునిలక్ష్మి పరీక్ష కోసం జంటలో మొదటిది మాత్రమే పంపుతుంది. పది సెకన్ల తర్వాత అదే తిరిగొస్తుంది. ఆ వెంటనే రెండోది కూడా వస్తుంది. ఎవరూ పంపనిది.

దీన్ని వినేవాడికి చెప్పాలా, వినిపించాలా? వినిపించాలనే పట్టుపట్టాను. అసలు యంత్రంలో 16 బిట్ల కోడ్‌లు వాడతారు, చెవికి నాలుగు చాలు. మొదటిది: ప్లస్, ప్లస్, ప్లస్, మైనస్. రెండోది: ప్లస్, ప్లస్, మైనస్, ప్లస్. మొదటిదాన్ని దానితోనే పోలిస్తే వచ్చే వరుస: −1, 0, 1, 4, 1, 0, −1. రెండోదానికి: 1, 0, −1, 4, −1, 0, 1. పైనా కిందా పెట్టి కూడండి. మధ్యలో 8, మిగతా అన్నీ సున్నాలు.

ఇప్పుడు ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసింది. పలక మీద ఒక్క దెబ్బ రికార్డు చేశాం. 4 ఉన్నచోట ఆ దెబ్బ యథాతథంగా. 1 ఉన్నచోట అదే దెబ్బను 12 డెసిబెల్స్ తగ్గించి. −1 ఉన్నచోట తగ్గించినదాన్ని ఇన్వర్ట్ చేసి, అంటే తరంగాన్ని తలకిందులు చేసి. సున్నాల దగ్గర ఖాళీ. వరుసలో ఒక్కో స్థానానికి పావు సెకను. మొదటి ట్రాకు విడిగా వింటే పెద్ద దెబ్బకు ముందూ వెనకా సన్నటి దెబ్బలు వినిపిస్తాయి. రెండో ట్రాకు విడిగా విన్నా చెవికి అంతే, ఎందుకంటే తరంగం తిరగేసిన సంగతి చెవి పట్టుకోలేదు. రెండూ ఒకేసారి వేస్తే సన్నటి దెబ్బలన్నీ మాయమై ఒకే ఒక్క శుభ్రమైన దెబ్బ మిగులుతుంది. ఇందులో మేము కత్తిరించింది ఏమీ లేదు, లెక్కే ఆ పని చేసింది. కలిపినప్పుడు పెద్ద దెబ్బ 6 డెసిబెల్స్ పెరుగుతుంది, కాబట్టి పగలకుండా రెండు ట్రాకులూ ముందే తగ్గించుకోవాలి. ఒకటి ఎడమ చెవికీ ఒకటి కుడి చెవికీ పంపితే ఈ చెరిపివేత జరగదు. మోనోలోనే కలపాలి.

ఇంటర్ చదివే మా మేనకోడలికి ఏమీ చెప్పకుండా మూడూ వినిపించాను. మూడోది విని, ఆ చిన్న దెబ్బలు ఏమయ్యాయని అడిగింది. సగం ఒకరు, సగం మరొకరు కొట్టారని చెప్పాను. రెండో మనిషి ఎవరంది. నాలుగో భాగం సరైన దారిలో ఉందని అప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

అక్టోబరు: దానికి గొంతు ఇవ్వను

స్నేహితుడు ఒక ముగింపు సూచించాడు. 1977లో వెళ్లిన వాయేజర్ నౌకల బంగారు రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, అందులో తెలుగూ ఉంది. ఆ యంత్రం చివర్లో మన తెలుగు పలకరింపునే తిరిగి వినిపిస్తే? వినేవాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది, నిజమే. తెలుగు గొంతు ఒకటి నక్షత్రాల మధ్య ప్రయాణిస్తోందన్నది నాకూ గర్వమే. అయినా వద్దన్నాను. అవతలి ఉనికి మన భాషలో మాట్లాడిన క్షణం నుంచి అది మనలాంటిదే అయిపోతుంది. దానికి కోపం ఉందా, ఒంటరితనం ఉందా, అసలు లోపల ఎవరైనా ఉన్నారా అన్నది ఈ నాటకంలో తేలదు. ఒక్కటే తేలుతుంది: మనం సగంలో ఆపినదాన్ని అది పూర్తి చేసింది. అంతవరకే మనకు తెలుసు, అంతవరకే వినిపిస్తాను.

ఐదో భాగం పూర్తిగా వాదన. ఇలాంటి సందర్భానికి 1989లో అంతర్జాతీయ వ్యోమగామిక అకాడమీ ఆధ్వర్యంలో తయారైన సూత్రాలు ఉన్నాయి, 2010లో సవరించారు. ముందు నిర్ధారించుకోండి, తర్వాత ప్రపంచానికి చెప్పండి, అంతర్జాతీయంగా సంప్రదించకుండా జవాబు పంపకండి అని వాటి సారం. ఢిల్లీ నుంచి వచ్చిన కమిటీ ఇదే చెప్పి రాడార్ ఆపేయమంటుంది. మునిలక్ష్మి వాదన వేరు. ఈ రాడార్ సెకనుకు వెయ్యిసార్లు మాట్లాడుతోంది, ఏళ్లుగా మాట్లాడుతోంది. అవతలివాళ్లు ఒక మాట కలిపిన రాత్రే మనం నోరు మూసుకుంటే దాన్ని వాళ్లు ఏమని అర్థం చేసుకోవాలి? ఆపేయడం కూడా జవాబే కదా సార్ అంటుంది. కమిటీ పెద్దను మూర్ఖుడిగా రాయలేదు. ఆయన భయానికి కారణం ఉంది. ఒక్క ఊరి యంత్రం భూమి మొత్తం తరఫున మాట్లాడకూడదన్న ఆయన మాట కూడా న్యాయమే. ఇద్దరి వాదనా సమానంగా బరువు తూగేదాకా ఈ భాగాన్ని తిరగరాస్తూనే ఉన్నాను.

నవంబరు: ఇప్పటిదాకా

మొదటి నాలుగు భాగాల రికార్డింగ్ అయింది. పడకగదిలో గోడలకు బొంతలు కట్టి చేశాం, ప్రతిధ్వని బాగా తగ్గింది. రాడార్ గది కోసం స్టీలు బీరువా లోపల ఫోన్ పెట్టి, పక్కన పాత కంప్యూటర్ ఫ్యాన్ తిప్పాం. మైదానంలో రాత్రి గాలి మాత్రం ఇంట్లో దొరకదు. ఫిబ్రవరి మధ్యలో చంద్రగిరి వైపు వెళ్లి నిజమైన అర్ధరాత్రిని రికార్డు చేయాలి. కొన్నేళ్లు శివరాత్రి ఆ రోజుల్లోనే పడుతుంది. ఊళ్లు జాగారంలో ఉంటే దూరం నుంచి భజనలు వినిపిస్తాయి. నాలుగో భాగంలో చెంగల్రాయుడు ఆ రాత్రి గుడికి పోకుండా కాపలాకే వచ్చాడని ఒక వాక్యం చేర్చాను.

ఆరో భాగం సగం రాశాను. కమిటీ ఆఖరి మాట ఏమిటో నిర్ణయించాను, ఇక్కడ చెప్పను. ప్రస్తుతం మిగిలినవి: చెంగల్రాయుడికి గొంతు, రైతు భార్య పాత్రకు గొంతు, ఐదో భాగంలో కమిటీ గది శబ్దం. చెల్లెలు డిసెంబరు రెండో వారం నుంచి ఖాళీగా ఉంటుంది, ఐదో భాగం అప్పుడు మొదలుపెడతాం.